కాలింగ్ బెల్ నొక్కిందెవరు?

మాది బేస్తవారిపేట దగ్గర పల్లె. ఎనిమిదో తరగతి చదివే మా పాప, బడిలో ఒకేషనల్ సబ్జెక్టు ఎంచుకోమంటే కుట్టుపని కాదని కరెంటు పని తీసుకుంది. కొద్దిరోజులకే మేకను కట్టేసే అరుగు పక్కన, మా గుమ్మానికి కాలింగ్ బెల్ బిగించింది. మేకకు ఆకు తెచ్చిన ప్రతిసారీ ముందు బెల్ మోగుతోందో లేదో నొక్కి చూసుకుని, తర్వాతే మేకకు వేసేది.

ఒక ఆదివారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పాస్టరుగారు మొదలుపెట్టి, అందరం కళ్లు మూసుకున్నాక బెల్ మోగింది. మధ్యలో లేవకూడదు కదా, ఎవరమూ కదల్లేదు. అది ఆగకుండా మోగుతూనే ఉంది. ఎవరికి ఏమైందోనని నాకు ఒకటే కంగారు. ఆమెన్ అనగానే పరుగున వెళ్లి తలుపు తీశాను.

మా మేక వెనక్కాళ్ల మీద నిలబడి, మూతితో స్విచ్ నొక్కుతోంది.

అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను. "ఏంది పాపా ఇది?" అన్నాను.

"ఎవరు నొక్కినా మోగితేనే వైరింగ్ కరెక్టని మా సార్ చెప్పినాడమ్మా."

"అట్లయితే పాసయినట్టేలే" అన్నారు పాస్టరుగారు.

అప్పటినుంచి బెల్ మోగితే గుప్పెడాకు పట్టుకునే తలుపు తీస్తున్నాను. మొన్న అలాగే తీసి ఆకు చాపితే, ఎదురుగా మా ఆడబిడ్డ.