ఓబళప్ప అమ్మిన ముసాంబరం

అందరి గురించీ అడుగుతారు. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, పక్కింటి కోడలు ఏ చీర కట్టిందో కూడా అడుగుతారు. బళేపేట ఓబళప్ప ఎవరని ఇన్నేళ్ళలో ఒక్కరైనా నోరు తెరిచారా? జలుబు చేస్తే మాత్రం ఆ అంగడి కషాయమే కావాలి. వినండి, మధ్యలో లేచారంటే ఊరుకునేది లేదు.

ఓబళప్పది వేర్లు, బెరళ్ళు, చూర్ణాలు అమ్మే అంగడి. చదువు రాదు. సీసాల మీద చీటీలుండవు. ఏ దినుసైనా నాలిక మీద వేసుకుని దాని పేరు, ఊరు, ఎన్నేళ్ళ పాతదో చెప్పేవాడు. జనం వచ్చేది ఆ నాలికను నమ్మే.

యుద్ధం రోజులు. దండులో, అంటే కంటోన్మెంటులో, సోల్జర్లు వదిలేసిన సామాను కొనితెచ్చి అమ్మే నంజప్ప ఒకనాడు రేకు డబ్బా నిండా నల్లటి గడ్డలు తెచ్చాడు. ఎండకు కరిగి, మళ్ళీ గట్టిపడి, పైన బూడిద పట్టినట్టున్నాయి. ఓబళప్ప ఒక ముక్క నాకాడు.

“ముసాంబరం,” అన్నాడు. కలబంద పాలు కాచి గట్టిపరిచే చేదు మందు అది.

“చేదెనకాల రవ్వంత తీపి తగులుతా ఉండాది గదన్నా?” అన్నాడు నంజప్ప, తనూ నాకి.

“పాతబడితే అట్లే ఉంటాదప్పా. నీకేం తెలుసు?”

అప్పటికి ఓబళప్ప భార్య పిల్లమ్మకు కుడి డొక్క కింద నొప్పి మొదలై ఏడాది. తిన్న గంటకు పట్టుకుని వీపు దాకా పాకేది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, కోసి తీయాలన్నాడు ఆస్పత్రి డాక్టరు. కోత అనగానే ఆమె లేచి ఇంటికి నడిచొచ్చింది. ఓబళప్ప రోజూ పొద్దున శనగగింజంత ముసాంబరం ఇచ్చి, నలభై రోజులు పత్యం పెట్టాడు. నూనె లేదు, నెయ్యి లేదు, మాంసం లేదు. గంజి, చారు, అంతే. పదో రోజుకు నొప్పి మాయం. పిల్లమ్మ వీధంతా చెప్పుకుంది. వీధంతా వచ్చి కొనుక్కుంది.

నలభయ్యో రోజున ఆ వీధి మునిలక్ష్మి చంకలో బిడ్డతో వచ్చిపడింది. పాలు మాన్పించాలంటే ఆడవాళ్ళు రొమ్ముకు ముసాంబరం పూసుకుంటారు. బిడ్డ ఉమ్మేసి పారిపోవాలి.

“నీ మందు పాడుగాను ఓబళప్పా! రెండు దినాలాయ, వీడు ఇడిచేదే లే! ముందు దినానికి నాలుగుతూర్లు తాగుతా ఉన్నింది, ఇప్పుడు ఒళ్ళోనుంచి దిగడు!”

అంగట్లో అందరూ నవ్వారు. ఓబళప్ప ఒక గడ్డ పంచె కొంగున కట్టుకుని, తిన్నగా ఆ డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు కొరికి నమిలాడు. ఇంకో ముక్క కొరికాడు.

“ఇది చాక్లెట్టు. సోల్జర్లు ఆకలికి తింటారు. సక్కెర తక్కువ, అంతే.”

“మరి నొప్పి పోయింది గద స్వామీ?”

“నూనె, నెయ్యి మానింది గదా, అందుకు పోయింది. రాయి ఉన్నచోటే ఉండాది. దీంట్లోనూ కొవ్వు ఉండాది. కొవ్వు లోపలికి పోతే పిత్తాశయం పిండుకుంటాది, రాయి అడ్డం పడతాది. గింజంత తింటే ఏం కాలేదు. గడ్డ తినిందో, చూసుకో.”

ఓబళప్ప ఇల్లు చేరేసరికి, పత్యం ముగిసిందని పిల్లమ్మ మాంసం పులుసు తిని, పైన అరచేయంత గడ్డ నమిలి, డొక్క పట్టుకుని గోడకానుకుని ఉంది. రెండో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి.

“ఆస్పత్రికి పోదాం పా.”

“ఎందుకు? మందు ఉండాది గదా.”

“అది మందు కాదు. మిఠాయి.”

“నన్ను కోయించేదానికి అబద్ధం చెప్తా ఉండావు. నీ నాలిక తప్పు చెప్పిందా? అట్లయితే అంగడి మెట్టు మీద నిలబడి నలుగురికీ చెప్పు. అప్పుడొస్తా.”

ఓబళప్ప చాలాసేపు పంచె అంచు సర్దుకున్నాడు. తర్వాత పోయి మెట్టెక్కాడు. బేరాలు జోరుగా ఉన్న వేళ.

“నా నాలిక తప్పింది. మీకిచ్చింది ముసాంబరం కాదు, చాక్లెట్టు. నన్ను నమ్మి తిన్నోళ్ళు డాక్టరుకు చూపించుకోండి.”

బేరానికొచ్చిన కెంపమ్మ ముందుకు జరిగింది. “అయితే మాయత్తకు ఇంకో తులం ఇయ్యప్పా. నాలుగేండ్లుగా ఏ మందూ మింగని ముసిల్ది, దీన్ని దొంగతనంగా తింటా ఉండాది.”

ఇవ్వలేదు. అంగడి మూసి జట్కా పిలిచాడు. పిల్లమ్మ ఎక్కింది.

కందిగింజలంత రాళ్ళు పదకొండు తీశారు. బేరగాళ్ళలో సగం మంది వేరే అంగడికి పోయారు. మిగిలిన సగానికి ఏ దినుసు అమ్మినా ముందు తను నాకి, తర్వాత పిల్లమ్మ చేత నాకించేవాడు. ఆమె అన్నిటినీ చేదనే చెప్పేది.

పిల్లమ్మ ఇంకో పందొమ్మిదేళ్ళు బతికింది. ఓబళప్ప అరవై ఎనిమిదో ఏట చనిపోయాడు.