గంజి పట్టిన పటం

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. ఏళ్ళ తరబడి ఒక పాత పటం బరువు మోస్తున్నాను. కాగితానికి అంత బరువుంటుందా? ఉంటుంది.

మాది అత్తిమంజేరిపేట, నేతపని ఇల్లు. పళ్ళిపట్టులో సేద్యం చేసుకునే ఒకాయనను మామా అని పిలిచేవాణ్ణి. వాళ్ళ తాతల పెట్టెలో తిరుత్తణి సీమ పటం దొరికింది. తెల్లదొరలు కొండలెక్కి కోణాలు పట్టి దేశాన్ని కొలిచిన తొలి రోజుల నాటి అచ్చు. దాని మీద ఊళ్ళ పేర్లు ఎవరో చేత్తో, తెలుగులో, సిరాతో రాశారు. మడతల దగ్గర చిరుగుతోందని, వెనక గుడ్డ అంటించి ఇమ్మని మామ నాకిచ్చాడు.

గంజి కాచి గుడ్డ అంటించాను. అక్కడితో ఆగాల్సింది. మగ్గానికెక్కే పడుగు నూలుకు ఒకవైపే గంజి పట్టి వదిలేసే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. చేయి దానంతటదే పటాన్ని తిప్పింది, గంజి కుంచె ముందువైపూ నడిచింది. అచ్చు గీతలు నిలిచాయి. పేర్లు నల్లగా కరిగిపోయాయి.

అది పొరపాటు. తప్పు తరవాత చేశాను. "నువ్విచ్చేటప్పటికే తడిసుండాది మామా" అన్నాను. ఆయన పటాన్ని చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

పాత పటాల గురించి చదువుకున్న ఒకామె చెన్నై నుంచి చూడవచ్చింది. భూతద్దం పెట్టి ఆ మరకలనే చాలాసేపు చూసింది. అచ్చు ప్రతులు వేరేచోట్ల ఉన్నాయట. కొలిచేవాళ్ళ వెంట నడిచిన మనవాడెవరో మన లిపిలో పేర్లు రాసుకున్న ప్రతి మాత్రం ఆమె ఎక్కడా చూడలేదట. ఇప్పుడు లేని పల్లెలు కూడా అందులో ఉండి ఉంటాయట. ఎలా తడిసిందని అడిగింది. నేను నోరు తెరిచేవాణ్ణేనా? తెలియదు. మామే ముందు మాట్లాడాడు.

"మా ఇల్లు కారతాదమ్మా. పెట్టె యాడ పెట్టినానో సూసుకోకపోతిని." నా వైపు తిరిగి, "పాపం, వీడు కష్టపడి గుడ్డేసినాడు" అన్నాడు.

నేను తల ఊపాను.

మామ పోయాడు. పటం ఇప్పుడు ఆయన కొడుకు ఇంట్లో గోడ మీద ఉంది. ఎవరొచ్చినా "మా నాయన తడిపేసినాడు" అని నవ్వుతాడు. నేను అక్కడే కూర్చుని కాఫీ తాగుతాను. ఇవాళ కూడా తాగి వచ్చాను. భయమా? సిగ్గా? ఆ అబ్బాయి దగ్గర నాకున్న మంచి పేరు పోగొట్టుకోలేక, చనిపోయిన మనిషి మీద నిందను అలాగే ఉంచేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేడు. ఒక్క మాట బయటికి చెప్పి ఊపిరి తీసుకుంటాను. మామ ఇల్లు ఏ వానకూ కారలేదు. నేను అబద్ధమాడానని ఆయనకూ తెలుసు. పటాన్ని తడిపింది నేను.