రెండూ మూడూ మాట్లాడుకోని ఇల్లు

తమిళరసి పీహెచ్‌డీ వైవాకు వాళ్ళమ్మ మాదేశ్వరి వీధి వీధంతా పిలిచింది. చెవులు కుట్టే వేడుకకు పిలిచినట్టే, ఇంటింటికీ పోయి కుంకుమ పెట్టి మరీ పిలిచింది. తమిళుల ఊరైన పెరియంపట్టిలో ఆ వీధి తెలుగువాళ్ళంతా కాంక్రీటు పనికి పోయేవాళ్ళే. కాలేజీ నోటీసులో 'పబ్లిక్ వైవా' అని ఉంది, ఎవరైనా రావచ్చు, ప్రశ్నలు అడగవచ్చు అని కూతురు చెప్పింది. మాదేశ్వరికి అది తన పద్ధతిలో అర్థమైంది. పిలిచిన ఇంటికి వట్టి చేతులతో ఎవరు పోతారు?

"ఒక్కొక్కరూ ఒక ప్రశ్న తేవల్ల. లేదంటే నా బిడ్డకి మర్యాద కాదు. సరా?" అంది.

"ప్రశ్నకి ఎక్కడికి పోయేది అక్కా, అంగడిలో దొరకదే!" అంది కన్నియమ్మ. అయినా రెండు రోజులుగా ఇసుక జల్లిస్తూ, తట్టలు అందిస్తూ ఆడవాళ్ళంతా ప్రశ్నలు తయారు చేసుకుంటున్నారు.

తమిళరసికి మాత్రం ప్రశ్నలంటేనే భయం. పేరు తమిళం, ఇంట్లో మాట తెలుగు, లెక్కల మీద రాసిన థీసిస్ ఇంగ్లీషు. సెలవుల్లో తల్లితో తట్టలు మోసి, హరూర్ బస్సులో నిలబడి చదివి ఇంతదాకా వచ్చింది. థీసిస్ చదివిన బయటి పరీక్షకుడు, 'ఫలితాలు సరైనవే. కానీ అభ్యర్థికి ఇవి నిజంగా అర్థమయ్యాయా? వైవాలో తేల్చాలి' అని రాసి పంపాడు. తేలకపోతే మళ్ళీ రాయాలి, ఇంకో ఏడాది. ఫెలోషిప్ ఆగిపోయింది కాబట్టి ఆ ఏడాది మళ్ళీ తట్టే గతి.

వైవా రోజు ఉదయం రంగురంగుల చీరల గుంపు కాలేజీ గేటు దాటేసరికి అటెండరు అడ్డం వచ్చాడు. "పనివాళ్ళకు వెనక గేటు."

"ఈ గోడకి నీళ్ళు కొట్టి తడిపింది నేను. నాకు తోవ చెప్తావా, తంబీ?" అంది కన్నియమ్మ. గైడు యోగలక్ష్మి పరుగున వచ్చి అందరినీ లోపలికి తీసుకుపోయింది. వైవాల పబ్లిక్ అంటే అక్కడ ఇన్నేళ్ళూ ముందే చెప్పిపెట్టిన ప్రశ్న అడిగే జూనియర్లు. తనను కట్టిన వాళ్ళు కుర్చీల్లో కూర్చోవడం ఆ హాలుకు అదే మొదటిసారి. సిగ్గుపడవలసింది హాలు.

తెర మీద చుక్కలు, గీతలు. తమిళరసి గడగడా ఇంగ్లీషులో అప్పజెప్పింది. పరీక్షకుడు రెండు చుక్కలు చూపించి తమిళంలో అడిగాడు. "ఇక్కడ రెండు, ఇక్కడ మూడు. నడుమ గీత ఎందుకు లేదు? మామూలు మాటల్లో చెప్పమ్మా."

ఆమె నిర్వచనం చదివింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అదే చదివింది. యోగలక్ష్మి కళ్ళు మూసుకుంది. "సరే, సభలో ఎవరైనా..." అన్నాడాయన కాగితాలు సర్దుకుంటూ.

సభలో అందరి చేతులూ లేచాయి.

"ఏమే పాపా," కన్నియమ్మ ముందే లేచి నిలబడింది, "ఆ రెండుకీ మూడుకీ ఏమి సండ, కొట్లాడుకున్నారా? గీత లేదంట కదా?"

తమిళరసికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఇంటి తెలుగులోకి దిగింది. "అత్తా, మూడు మూలల బిళ్ళ ఒకటి అనుకో. దాని గుంతలోనే దాన్ని తిప్పి పెట్టల్ల. పక్కకి తిప్పితే మూడోసారికి మొదటికొస్తుంది. అది మూడు."

"సరి."

"బోర్లా తిరగేస్తే రెండోసారికి మొదటికొస్తుంది. అది రెండు."

"బిళ్ళని బోర్లా వేస్తే మేస్త్రీ తంతాడే!"

"అనుకో అత్తా! ఇట్ల ఆరు రకాలుగా పెట్టొచ్చు. రెండు మూళ్ళు ఆరు కదా, వాళ్ళిద్దరూ కలవాలంటే, ఒకే కదలికని మళ్ళీ మళ్ళీ చేసి, సరిగ్గా ఆరోసారికే మొదటికొచ్చేది ఒకటి ఉండల్ల. ఆ ఆరింటిలో ఉందా? లేదు. అందుకే గీత లేదు. ఒకే ఇంట్లో ఉన్నారు, మాట్లాడుకోరు. అదే మన వీధిలో పరిచిన ఆరు మూలల బిళ్ళని ఒక్కో మూల పక్కకి తిప్పుకుంటూ పో, ఆరోసారికే వస్తుంది. అక్కడ ఇద్దరూ ఒకటే."

పరీక్షకుడు సర్దిన కాగితాలు కింద పెట్టాడు. ఆ తెలుగులో సగం తమిళమే కాబట్టి ఆయనకు ముక్క పోలేదు.

"ఎవరన్నా నడుమ పోయి సర్ది చెప్పొచ్చు కదా?" అంది వెనక నుంచి విజి.

"ఐదుని తెచ్చి పెట్టొచ్చు, చిన్నమ్మా. ఐదు రెండుతో మాట్లాడుతుంది, మూడుతోనూ మాట్లాడుతుంది. వాళ్ళిద్దరు అప్పటికీ మొహాలు చూసుకోరు."

"మా ఆడపడుచు మాదిరి!" హాలంతా గొల్లుమంది. తమిళరసి సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరికి దాదాపు గెంతింది. ఒకరి తర్వాత ఒకరు అడుగుతున్నారు, ఆమె గీతలు గీస్తోంది, చెరుపుతోంది, నవ్వుతోంది.

చివరికి మాదేశ్వరి లేచింది. "ముగ్గురికి ముగ్గురూ మాట్లాడుకోని ఇల్లు ఉందా, పాపా?"

"ఉందిమా. అరవై కదలికల ఇల్లు. రెండు, మూడు, ఐదు, ఎవరికి వాళ్ళే."

"అట్లైతే పంచి ఇచ్చేస్తే పోతుంది కదా?"

"అదేమా తమాషా! ఆ ఇంటిని పంచేకి రాదు. గోడ యాడ పెట్టినా నిలవదు. పంచుకుంటూ పోయి విడగొట్టగలిగిన ఇంట్లో అయితే, ఏ ముగ్గుర్ని తీసుకున్నా ఇద్దరన్నా మాట్లాడుకునే తీరల్ల."

పరీక్షకుడు బల్ల చరిచాడు. "ఇది నీ మూడో అధ్యాయం కదమ్మా! ఇంత బాగా తెలిసి, పుస్తకంలో ఎందుకు దాచావు?"

"ఇంగ్లీషులో రాయల్ల కదా సార్," అంది తమిళరసి.

ఆయన గట్టిగా నవ్వి, లేచి, ఇంగ్లీషులో ఏదో ప్రకటించాడు. ఆడవాళ్ళకు అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమిళరసి తల్లి వైపు తిరిగింది.

"ఏమంటాడే?" అంది మాదేశ్వరి.

"పట్టా ఇచ్చేసినారుమా!"

ఆ వెంటనే లేచిన అరుపులకు పక్క గదుల క్లాసులు ఆగిపోయాయి. పిల్లలు కిటికీలకు అతుక్కున్నారు.