పురుగుల ఆకు

పెనుకొండ దగ్గరి మా ఊళ్ళో కుళ్ళాయప్పను పిసినారి అనేవాళ్ళున్నారు. అది అబద్ధం. తన ఆవు కోసం ఆయన ఏమైనా చేసేవాడు, ఒక్కటి తప్ప.

1965 కరువులో గడ్డివాములు తెల్లబడిపోయాయి. కుళ్ళాయప్ప బావి కింద మల్బరీ తోట ఒక్కటే పచ్చగా ఉంది. ఆ ఆకు పట్టుపురుగులకు మేపి, అవి కట్టిన గూళ్ళు హిందూపురంలో అమ్ముకుంటేనే ఆ ఇల్లు గడిచేది. చూలుతో ఉన్న ఆవు, సాయంత్రం మసక పడితే చాలు, దారి కనబడక గుంజకు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

పెనుకొండ పశువుల ఆసుపత్రికి తోలుకుపోయాడు. డాక్టరు ఖనిజ లవణాల పొడి ఇచ్చి, "ఇది ఎముకలకప్పా. కండ్లకు పచ్చిమేతే కావాల. లేకుంటే కడుపులో దూడకూ చూపుండదు" అన్నాడు.

"ఈ కరువులో పచ్చిమేత యాడిది సామీ?"

అబద్ధమాడాలని కాదు. మల్బరీ కూడా మేతేనన్న ఊహ ఆయనకు రాలేదు. భార్య సిద్ధమ్మకు వచ్చింది.

"తోటలో ఉండేది ఆకు కాదా?"

"అది పురుగుల ఆకే. ఆవుకేస్తే ఇంగ మనం తినేదేంది, నీ తలకాయా?"

"నా తలకాయ తినబట్టి శానా దినాలాయలే. రోజుకు రెండు కట్టలియ్యి, నీ పురుగులేం చావవు."

ఇవ్వలేదు. పొడి మాత్రం పూట తప్పకుండా తవుడులో కలిపి పెట్టాడు. ఆవు ఒళ్ళు నునుపు తేలింది. "చూస్తివా, పొడి పని చేస్తాండాది" అని మురిసిపోయాడు.

కోడెదూడ పుట్టింది. పొదుగు దాటిపోయి గోడను నాకింది. కళ్ళ ముందు చెయ్యి ఆడించినా రెప్ప కదలలేదు. ఏదో పాపమని ఊరు తేల్చేసింది. పాపమనడానికి చదువు అక్కర్లేదు కదా. చూపునిచ్చే కెరోటిన్ పచ్చి ఆకులో ఉంటుందని, పాతబడిన ఎండుగడ్డిలో అది మిగలదని పుస్తకాల్లో ఉంది. మా ఊరికి పుస్తకాలు రావు.

ఆ రోజే సిద్ధమ్మ ఎవరినీ అడక్కుండా మల్బరీ కోసుకొచ్చి ఆవు ముందు వేసింది. కుళ్ళాయప్ప అడ్డు చెప్పలేదు. కొన్నాళ్ళకు ఆవు మసకచీకట్లోనూ గుంజను తప్పించుకుని నడిచింది. దూడ కళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఆవు బాగుపడటమే ఆయన్ను ఎక్కువ కోసింది.

గుడ్డి కోడె కాడికి పనికిరాదు. ఏడాది దాటాక హిందూపురం సంతకు తోలాడు. కొన్నవాడు కసాయి అని అడక్కుండానే తెలిసిపోయింది. సంత దాకా దారంతా కుళ్ళాయప్పే "ఇట్ల రారా నాయనా, ఆడ గుంత ఉండాది" అని చెబుతూ తెచ్చాడు. పలుపు చేతులు మారగానే కోడె చెవులు నిక్కబొడుచుకుని కదలకుండా నిలబడిపోయింది.

"ఏమప్పా, ఒక మాట అను. నీ గొంతుకైతే కదుల్తాది" అన్నాడు కొన్నవాడు.

కుళ్ళాయప్ప తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కొన్నవాడు దాన్ని ఈడ్చుకుపోయాడు.