కొట్టేశారన్న ఇప్పచెట్టు

భద్రాచలంలో పెళ్లికి ముందు ఆరుబయట ఫొటోలు దిగాలనుకున్నవాళ్లు మున్వర్ దగ్గరికి వస్తారు. ఆయన స్టూడియోకు ఆనుకునే నా టైలరింగ్ కొట్టు. నేల మీద ఈడ్చుకుపోయే పొడుగు గౌన్లు పెళ్లికూతుళ్లకు కిరాయికిచ్చేది నేనే. గౌనుతోపాటు నేనూ వెళ్తాను. దాని తోక పట్టుకోవాలి, చెప్పినప్పుడు గాలికి ఎగరేయాలి, పొదల చాటున పిల్ల బట్టలు మార్చుకుంటుంటే చుట్టూ దుప్పటి పట్టుకుని నిలబడాలి. అందుకని ఈ ఊళ్లో ఏ జంట ఎక్కడ నిలబడి నవ్విందో మున్వర్ తర్వాత నాకే తెలుసు.

మున్వర్ మంచివాడే, కాకపోతే నోటిదురుసు. పెళ్లికొడుకు బిగుసుకుపోతే అందరి ముందూ కసురుతాడు. "నవ్వమన్న తమ్మీ, దవాఖానల పళ్లు సూపెట్టినట్టు సూపెట్టమన్లె" అంటాడు. స్టూడియో తండ్రి నాటిది. లోపల గోడకు ఒక నీలం తెర ఇప్పటికీ వేలాడుతుంది. దాని ముందు కూర్చోబెట్టి ఫొటో తీయడమంటే ఆయనకు మొదటినుంచీ పడదు. "మనిషి ఎనక ఆకాశం ఉండాలె చెల్లె, గుడ్డ కాదు" అంటాడు. ఆ పట్టుదలతోనే ఎండనక వాననక బండి మీద తిరిగి ఊరి చుట్టూ జాగాలు వెతికిపెట్టుకున్నాడు. ఎక్కడ పొద్దున బాగుంటుందో, ఎక్కడ సాయంత్రం మొహం మీద వెలుతురు మెత్తగా పడుతుందో ఆయనకు కంఠతా వచ్చు.

ఆ జాగాలన్నీ ఒక్కొక్కటిగా చేజారిపోయాయి. కొన్నింటిని గోదావరి తీసుకుంది. వరద వచ్చి పోయాక ఇసుక తిన్నె ఉన్నచోట ఉండదు. కొన్నింటికి అడవిశాఖ వాళ్ల గేటు పడింది. జామాయిల్ తోటలో చెట్ల వరసలు భలే ఉండేవి, ఎదగ్గానే నరికి లారీలకెత్తారు. వీటి మీద ఆయనకు కోపం లేదు. ఆయన మండిపడేదల్లా జనం సెంటిమెంటు మీదే. మా ఊళ్లో ఫొటో దిగే చోటుకు కూడా జాతకం చూస్తారు. ఒక జంట ఎక్కడో నిలబడి ఫొటో దిగి, ఆ తర్వాత విడిపోయిందనుకోండి, ఇక ఆ చోటు పని అయిపోయినట్టే. పెద్దవాళ్లు వచ్చి కూర్చోగానే అడిగేది వెలుతురు గురించి కాదు. "ఈడ ఇంతకుముందు ఎవరు దిగిండ్రు? వాళ్లు మంచిగున్నరా?" అని అడుగుతారు.

చర్ల రోడ్డు మీద మలుపు తిరగ్గానే, రోడ్డుకు కనపడకుండా కొంచెం లోపల, ఎత్తు మీద ఒక ఇప్పచెట్టు ఉంది. దాన్ని కనిపెట్టింది మున్వరే. పువ్వు రాలే కాలంలో పక్క గూడెం వాళ్లు దాని కింద శుభ్రంగా ఊడ్చిపెట్టుకుంటారు, రాలిన పువ్వు చెత్తలో కలవకుండా. గడ్డిపరక లేని నేల, పైన రాగి రంగు లేత చిగుళ్లు, వెనకాల దిగిపోతున్న ఎండ. అక్కడ మొట్టమొదట ఫొటో దిగింది శ్రావణి, దవాఖానలో నర్సు. పక్కన ఆమెకు కాబోయే భర్త. ఆ ఫొటో పెద్దది చేయించి మున్వర్ స్టూడియో అద్దంలో పెట్టాడు. అది చూసి ఎన్నో జంటలు ఆ చెట్టు కిందే కావాలని వచ్చాయి. నా గౌన్లకు కూడా అప్పుడే గిరాకీ పెరిగింది.

పెళ్లయిన ఏడాదిలోపే శ్రావణి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చేసిందని అడిగినవాళ్లు తక్కువ. ఫొటో ఎక్కడ దిగిందని మాత్రం అందరూ అడిగారు. అదే చెట్టు కింద దిగిన మిగతా జంటలు పిల్లల్ని చంకనేసుకుని సుఖంగా తిరుగుతున్నా, వాళ్లు ఎవరికీ గుర్తు రాలేదు. ఒకావిడ స్టూడియోలో కాలు మీద కాలేసుకుని, "ఆ నర్సుపిల్ల చెట్టు కాడ మాత్రం వద్దయ్యా" అంది. నర్సుపిల్ల చెట్టట! నాకు ఒళ్లు మండిపోయింది. మున్వర్ చిత్రంగా ఒక్క కసురు కూడా కసరలేదు. "ఆ చెట్టు ఇప్పుడు లేదమ్మా. కొట్టేసిండ్రు" అన్నాడు.

ఆవిడ వెళ్లాక, ఎప్పుడు కొట్టారని అడిగాను.

"ఎవరు కొట్టలె. చెట్టు ఉందంటే, ఎందుకొద్దో ప్రతోడు చెప్తడు. చెప్పినప్పుడల్లా ఆ పిల్ల పేరొస్తది. చెట్టే లేదంటే ఇగ మాటే ఉండదు కద."

ఆ రోజే అద్దంలోంచి ఫొటో తీసేశాడు. తర్వాత ఎవరడిగినా అదే జవాబు. మాట పొక్కుతుందేమోనని తను కూడా అటు బండి తిప్పడం మానేశాడు. ఆయనకు మిగిలినవి కరకట్ట, వంతెన, మళ్లీ కరకట్ట. ఫొటోల్లో మనుషులు మారుతున్నారు తప్ప వెనకాల ఏమీ మారడం లేదు. ఉన్నవాళ్లు ఖమ్మం పోయి దిగివస్తున్నారు. "ఊపిరాడ్తలేదు చెల్లె. ఇంత ఊరు, ఇంత అడవి పెట్టుకొని గుడ్డ ముందు తీసినట్టే ఉంది" అనేవాడు. మంచికే చెప్పిన అబద్ధంలో ఆయనే చిక్కుకుపోయాడు.

కొన్నేళ్లు గడిచాయి. మొన్న ఉగాది దాటాక శ్రావణికి మళ్లీ పెళ్లి కుదిరింది. అబ్బాయి నాగరాజు, బస్సు కండక్టరు, రోజూ చర్ల రూట్లోనే తిరుగుతాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క వనజ పెంచింది. ఫొటోలకు వనజ కూడా వచ్చింది. జాగా తనకు నచ్చితేనే కెమెరా తీయాలని ముందే చెప్పింది. కిరాయి కారులో ముందు మున్వర్, వెనక మేమందరం, నా ఒళ్లో గౌను.

కరకట్ట మీద కారు ఆపితే వనజ తల కూడా బయట పెట్టలేదు. "ఈడ మా మేనమామ బిడ్డ దిగింది. ఇప్పుడు కోర్టు చుట్టు తిరుగుతాంది" అంది. వంతెన దగ్గర ఇంకెవరి పేరో చెప్పింది. ఘాటు మెట్ల దగ్గర ఇంకో పేరు. ఏ పేరు చెప్పినా అది తెగిపోయిన పెళ్లే. శ్రావణి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాగరాజు ఫోను తిప్పుకుంటున్నాడు.

"గింత ఊర్ల ఒక్క మంచి జాగా లేదా అన్నా?" అని వనజ మున్వర్‌ను అడిగింది.

మున్వర్ నోరు తెరిచేలోపే శ్రావణి అంది, "ఒకటుండె వదినా. ఇప్పచెట్టు. అది నాతోనే చెడ్డదయింది. అందరి పేర్లు చెప్పిండ్రు, నా పేరు కూడ చెప్పరాదుండ్రి, మొహమాటమెందుకు?"

వనజ మొహం ఎర్రబడింది. శ్రావణి ఆగలేదు. "దాన్ని కొట్టేసిండ్రని విన్ననాడు నేను డ్యూటీల ఉన్న. నా వల్లనే కొట్టిండ్రేమో అనుకున్న. సంవత్సరాల సంది అదే అనుకుంటున్న."

మున్వర్ వెనక్కి తిరిగాడు. ఆయన మొహం అంతగా చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పిల్ల పేరు వినబడకూడదని చెప్పిన మాటను ఆ పిల్లే ఇన్నేళ్లూ మోసింది.

"చెట్టుంది బిడ్డా" అన్నాడు. "ఎవరు కొట్టలె. నేనే అబద్ధం చెప్పిన." డ్రైవరుతో, "చర్ల రోడ్డుకు పోనియ్యి" అన్నాడు.

చెట్టు ఉంది. మేం వెళ్లేసరికి గూడెం ముసలమ్మ ఒకామె రేపటి పువ్వు కోసం కింద ఊడుస్తోంది. మమ్మల్ని చూసి, "ఊడ్చిన కాడ తొక్కకుండ్రి" అని చీపురుతో హద్దు చూపించింది. పొద చాటున దుప్పటి పట్టుకున్నాను, శ్రావణి గౌను వేసుకుని వచ్చింది. నేను తోక ఎత్తి పట్టుకుంటే హద్దు దాటకుండా చెట్టు కింద నిలబడింది. చాలాసేపు పైకే చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకే కళ్లు నిండాయి.

వనజ కారు దిగలేదు. "నాకు ఆమె మీద కోపం లేదన్నా. అమ్మ లేని పిలగాడు. రేపు ఏదన్నైతే ఊరంత నన్నే అంటది" అంది. ఆ మాట నిజమే, అంటారు. నాగరాజు కారు దిగాడు కానీ డోరు మీద చెయ్యి తీయలేదు.

మున్వర్ కెమెరా ఎత్తాడు. శ్రావణిని ఒక పక్కకు ఉంచి, రెండో పక్క మనిషి పట్టేంత జాగా వదిలాడు. "తమ్మీ, రా. ఎండ పోతాంది" అన్నాడు. నాగరాజు అక్క వైపు చూశాడు. అక్క ఎటో చూసింది. మున్వర్ మళ్లీ పిలిచాడు. కసరలేదు, బతిమాలినట్టు పిలిచాడు. శ్రావణి ఒక్కసారే నాగరాజు వైపు చూసి, కెమెరా వైపు తిరిగింది. ఎండ చెట్టు వెనక్కి జారుతుండగా మున్వర్ ఫొటో తీశాడు.



మర్నాడు నాగరాజు యూనిఫాంలోనే స్టూడియోకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, "అన్నా, నన్ను ఈ నీలం తెర ముంగట తీసి, కంప్యూటర్ల ఆ ఖాళీల పెట్టరాదె" అన్నాడు. "చెట్టు కాడ నిలబడలేదని అక్కకు చెప్త. ఫొటోల ఉన్న కద అని శ్రావణికి చెప్త."

మున్వర్ కెమెరా మూత పెట్టేశాడు. "రోజు ఆ మలుపు మీదనే పోతవు కద తమ్మీ. సెలవున్ననాడు ఆడ దిగు. నేనొచ్చి తీస్త. నువ్వొస్తనంటే ఇప్పుడే ఆ పిల్లకు ఫోను చేస్త."

నాగరాజు తల దించుకున్నాడు. పాపం అనిపించింది, అబద్ధమెందుకు. "అక్కనడిగి చెప్త" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి శ్రావణి వచ్చింది. మున్వర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె దగ్గర దాచిపెట్టడం ఇక తనవల్ల కాదన్నాడు. శ్రావణి కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటో చూసింది. చెట్టు, తను, పక్కన మనిషి పట్టేంత ఖాళీ నేల.

"అక్కనడిగి చెప్తనన్నడా?"

"అవ్ బిడ్డా."

"మరి పెళ్లి?" అని నేనే నోరు జారాను.

"వద్దని నాగరాజుకు నేనే చెప్త అక్కా. దానికి నేనెవర్ని అడిగే పని లేదు." ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. మళ్లీ ఫొటో వైపు తిరిగింది. "పక్కన ఇంత జాగా ఎందుకిడిచినవన్నా?"

"వస్తడేమోనని."

"కోసెయ్యి" అంది. "నేను నడుమ రావాలె."