అధికారుల ముందు ఎక్కిన కొబ్బరిచెట్టు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అల్లవరంలో మావారిది చిన్న వెల్డింగు షాపు. ఎత్తు చూస్తే ఆయనకు కళ్ళు తిరుగుతాయి. అయినా ఎవరైనా కొబ్బరిచెట్టు ఎక్కగలిగే యంత్రం ఒకటి తయారుచేశారు. ఇలాంటివాటికి ప్రభుత్వం సాయం చేస్తుందని తెలిసి దరఖాస్తు పెడితే, చూడడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు అధికారులు వచ్చారు. ఆ సాయం రాకపోతే రెండో యంత్రం చేసే స్తోమత మాకు లేదు.

తీరా ఆ రోజు, యంత్రంతో ఎక్కి చూపించాల్సిన మా కాయలు దింపే మనిషి పెళ్ళికి వెళ్ళిపోయాడు.

"ఎవరైనా ఎక్కొచ్చని రాశారుగా, మీరే ఎక్కండి" అన్నారు పెద్ద అధికారి.

మావారి మొహం పాలిపోయింది. నేను కొంగు బిగించి, "నేనెక్కుతానండి" అన్నాను.

యంత్రంలో కాళ్ళు పెట్టి, అడుగు మీద అడుగు వేస్తూ మట్టల దాకా వెళ్ళిపోయాను. అక్కడ కిందికి చూశాను. ఇంక కాళ్ళు కదిలితే ఒట్టు.

"ఎంతసేపున్నా జారడం లేదే, గట్టి యంత్రమే" అని అధికారి మెచ్చుకుంటున్నారు.

"ఆయ్, అది చూపించడానికే మా కోడలు దిగట్లేదండి" అని మా అత్తగారు.

చివరికి మావారు చెట్టు మొదట్లో నిలబడి, "ఎడమ కాలు వదులు, ఇప్పుడు కుడి" అంటూ నన్ను దింపారు. పైకి చూస్తే కళ్ళు తిరుగుతాయని కళ్ళు మూసుకునే చెప్పారట.

"ఏమైనా మార్పులు కావాలామ్మా?" అన్నారు అధికారి.

"కాళ్ళు వణికితే కూర్చోడానికి ఓ పీట పెట్టించండి" అన్నాను.

సాయం వచ్చింది, పీటా వచ్చింది. కొనేవాళ్ళంతా ముందు ఆ పీటనే మెచ్చుకుంటారు. అది నా భయంలోంచి పుట్టిందని చెప్పేదాకా నా నోరు ఊరుకోదు.