మూలన రాసిన పేరు

శాన్ రామన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక కమ్యూనిటీ సెంటర్ ఉంది. శనివారం పొద్దున అక్కడ చైనా పద్ధతిలో బ్రష్ పెయింటింగ్ నేర్పుతారని మా అమ్మాయి చూసి చెప్పింది. నేను అప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున లాప్‌టాప్ తెరిస్తే సాయంత్రం దాకా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, కాల్స్, మళ్లీ టెస్టింగ్. ఈ చెయ్యి మౌస్‌కి తప్ప ఇక దేనికీ పనికిరాదేమోనని ఒకరోజు భోజనాల దగ్గర అన్నాను.

"అయితే ఇందులో జాయిన్ అవ్వమ్మా. అందరూ ఓల్డ్ పీపులే. నీకు సెట్ అవుతుంది" అని నవ్వింది మా అమ్మాయి.

ఆటపట్టించడానికే అంది. నేను నిజంగానే చేరాను.

నేర్పేది తైవాన్ నుంచి వచ్చిన డెబ్బై దాటిన ఆవిడ. అందరూ టీచర్ అనే పిలిచేవారు. ఆవిడ ఇంగ్లీషు పొడి పొడి ముక్కలే అయినా చెప్పదలచుకున్నది సూటిగా తగిలేది. మొదటిరోజు నన్ను కాగితం ముట్టుకోనివ్వలేదు. నల్లరాతి పలక మీద కాసిని నీళ్లు పోసి, సిరా కడ్డీ చేతికిచ్చి అరగదీయమంది. అచ్చం గంధం తీసినట్టే ఉంది ఆ పని. పొగచూరిన చెక్క మీద కర్పూరం పెట్టినట్టు ఏదో వాసన లేచింది.

"సిరా ఇంకా పల్చగా ఉంది. నీ మనసు ఇంకా కారులోనే ఉంది" అంది టీచర్, నా రాతి పలకలోకి తొంగిచూసి.

నేను ఆర్డర్ చేసిన బ్రష్ ఇంకా రాలేదు. ఆ మాట చెబితే గది చివరన ఉన్న బీరువా తెరిచి చాలాసేపు వెతికింది. చిన్న చాపలో చుట్టి ఉన్న ఒక బ్రష్ తీసింది. చేతులు పట్టీ పట్టీ దాని వెదురు పిడి తేనె రంగుకి తిరిగి ఉంది. వెంటనే ఇవ్వలేదు. కాసేపు వేళ్ల మధ్య తిప్పి, "నీది వచ్చేదాకా వాడు" అని బల్ల మీద పెట్టింది.

మొదట నేర్పింది ఆర్కిడ్ ఆకులు. ఒక్కో ఆకు ఒక్క గీతలో పూర్తవ్వాలి. దిద్దుకోవడం, చెరుపుకోవడం ఉండవు. ఆ కాగితం ఎంత దాహంగా ఉంటుందంటే, బ్రష్ ఒక్క క్షణం తటపటాయించినా అక్కడ మచ్చ పడిపోతుంది. నా పక్కన కూర్చునే అమెరికన్ ఆవిడ, రిటైరైన నర్సు, గీసిన ఆకులు ఉల్లికాడల్లా వచ్చాయి. నావీ అలాగే వస్తాయనుకుంటూ బ్రష్ ఆనించాను. గీత లావుగా మొదలై, సన్నబడి, మళ్లీ ఊపిరి పీల్చుకున్నట్టు వెడల్పై, చివరికంటా వెళ్లకుండా మధ్యలో విరిగి కిందికి వాలింది. గాలికి విరిగిన ఆకులాగే ఉంది.

టీచర్ నా వెనకే నిలబడి ఉంది.

"ఇది ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. బ్రష్ పట్టడం ఇదే మొదలు."

"ఆకు విరవడం నేనింకా చెప్పలేదు" అంది. ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసి వెనక్కిచ్చింది.

తర్వాతి వారానికి నా బ్రష్ వచ్చింది. ఇంట్లో కూర్చుని దానితో గీస్తే అన్నీ ఉల్లికాడలే. శనివారం క్లాసులో మళ్లీ ఆ పాత బ్రష్ అడిగి తీసుకున్నాను. దానితో ఆకులు బతికాయి. "నీ చేతిలోనే ఉంది విద్య" అని నర్సు ఆవిడ మెచ్చుకుంది. నా చేతిలో ఏమీ లేదని నాకు తెలుసు. పలక మీద ఓనమాలు దిద్దించేటప్పుడు పెద్దవాళ్ల చెయ్యి మన చేతి మీద ఉంటుందే, ఆ బ్రష్ కాగితానికి ఆనగానే నా మణికట్టు మీద సరిగ్గా అలాంటి బరువే తెలిసేది. గట్టిగా నొక్కేది కాదు. దారి తప్పనివ్వకుండా పట్టుకున్నట్టు ఉండేది. చిన్నప్పుడు 'అ' రాసింది నేనో, నా చెయ్యి పట్టుకున్నవాళ్లో నాకు తెలిసేది కాదు. ఇప్పుడూ అంతే.

టీచర్ నన్ను ఒక్క విషయానికే కోప్పడేది.

"కింద ఈ ఎడమ మూల ఎందుకు వదిలేస్తావు? బొమ్మంతా అటు ఒరిగి పడిపోతున్నట్టుంది."

ఆవిడ అన్నాకే నేనూ చూసుకున్నాను. నా కాగితాలన్నింటిలోనూ అదే మూల, అదే మేర ఖాళీ. ఈసారి అక్కడ ఒక రాయో, గడ్డిపోచో వెయ్యాలని పట్టుదలగా మొదలుపెట్టేదాన్ని. బ్రష్ అటు వెళ్లేసరికి సిరా ఆరిపోయేది, లేదా ఆకు తనంతట తనే పైకి తిరిగిపోయేది.

క్లాసు బయట వరండాలో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఉండేవాడు. తలమీద టోపీ, ఒళ్లో టీ ఫ్లాస్కు. ఎవరినో దింపి, క్లాసయ్యేదాకా ఎదురుచూస్తున్న భర్త అనుకున్నాను. ఒక శనివారం నీళ్లు పట్టుకోవడానికి బయటికి వెళితే ఆ కుర్చీ ఖాళీగా ఉంది. తిరిగొచ్చేసరికి ఆయన నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది. నా బొమ్మని చూస్తున్నాడు. నేను పలకరించేలోపే ఆయన టీచర్ బల్ల మీంచి సన్నటి బ్రష్ ఒకటి తీసుకుని, నా సిరాలో ముంచి, ఆ ఖాళీ మూలలో పైనుంచి కిందికి ఏవో అక్షరాలు రాశాడు. సరిగ్గా సరిపోయాయి. బ్రష్ మెల్లగా కింద పెట్టి, నాకేసి తల వంచి, మళ్లీ తన కుర్చీలోకి వెళ్లిపోయాడు.

గదిలో అందరూ నా కాగితం వైపే చూస్తున్నారు. అక్కడున్న చైనా వాళ్లందరికీ ఆ రాత చదవడం వచ్చు. నాకూ నర్సు ఆవిడకీ మాత్రమే రాదు.

"ఏం రాశారు టీచర్?"

"పేరు."

"ఎవరి పేరు?"

"ఆయన భార్య పేరు. నీ కుర్చీలోనే కూర్చునేది."

ఆ మాటకి నేను కుర్చీ మీంచి చెయ్యి తీసేశాను. మిగతాది టీచర్ నన్ను పక్కకి తీసుకెళ్లి చెప్పింది. ఆయన భార్య చాలా ఏళ్లు ఈ క్లాసుకి వచ్చిందట. కిందటేడు చలికాలంలో పోయిందట. చిన్నప్పుడు బడికి వెళ్లలేదు, రాయడం రాదు. బొమ్మ వేసి, ఆ మూల ఆయన కోసం వదిలేసేది. ఆయన వచ్చి ఆవిడ పేరు రాసేవాడు. ఆవిడ పోయాక కూడా ఆయన శనివారం కారు డ్రైవ్ చేసుకుంటూ ఇక్కడికే వస్తాడు. రావద్దని ఎవరు చెబుతారు?

"ఆ బ్రష్ ఆవిడదేనా?"

టీచర్ తల ఊపింది. "బ్రష్ వాడిన చేతిని బట్టి అరుగుతుంది. ఒక పక్క వెంట్రుకలు పొట్టిగా ఉన్నాయి. నీ ఆకు అందుకే విరుగుతుంది. దెయ్యం కాదు."

"మరి ఆ మూల?"

ఆవిడ సింక్ దగ్గరికి వెళ్లి, కడిగిన బ్రష్‌లనే మళ్లీ కడగసాగింది.

ఇంటికొచ్చి చెబితే మావారు చపాతీ తుంచుతూ ఆగిపోయారు. "ఆ పేపర్ ఇంట్లో పెట్టకు. గ్యారేజ్‌లో పెట్టు. అసలు ఆ క్లాసే డ్రాప్ చేసెయ్యొచ్చు కదా?"

"ఇట్స్ కైండ్ ఆఫ్ క్రీపీ అమ్మా" అంది అమ్మాయి. మళ్లీ తనే, "కానీ శాడ్ కూడా" అంది.

నాకు భయం వేసిన మాట నిజం. మానని మాటా నిజమే. అన్నేళ్ల టెస్టింగ్‌లో ఒక్కరూ నా పని చూసి కళ్లు పెద్దవి చేయలేదు. ఇక్కడ ఆ బ్రష్ పట్టుకుంటే వెనక నలుగురు నిలబడేవారు. ఇక ప్రతి వారం క్లాసు అయిపోయే వేళకి ముసలాయన వచ్చి ఆ మూలలో పేరు రాసేవాడు. కాగితం తీసుకెళ్లనా అన్నట్టు చూసేవాడు. నేను ఇచ్చేసేదాన్ని. "థాంక్యూ" అనేవాడు. నా ముఖం చూసి కాదు, నా చెయ్యి చూసి.

ఎండలు ముదిరాక కొండల మీద గడ్డి ఎండి బంగారు రంగుకి తిరిగింది. ఎక్కడో దూరాన అడవి అంటుకుని ఊరంతా పొగ కమ్మింది. ఆ శనివారం పొద్దున ఆకాశం పసుపు నీళ్లలా ఉంది. పదిగంటలప్పుడు కూడా కార్లు లైట్లు వేసుకుని వెళుతున్నాయి. క్లాసుకి వచ్చినవాళ్లు తక్కువ. కిటికీలన్నీ మూసేశారు. నేను సిరా అరగదీసి, ఎప్పటిలాగే మొదలుపెట్టాను.

ఆరోజు ఆకు విరగలేదు. మొదటి గీతే కాగితం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది. రెండోది దాన్ని దాటింది. మూడోది ఆ రెండింటి మధ్యలోంచి దూసుకుపోయింది. అంత హాయిగా నేనెప్పుడూ గీయలేదు. మణికట్టు మీద ఆ బరువు కూడా లేదు. టీచర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. వంగి బొమ్మని చూస్తూ ఏదో అడిగింది. నేను తల ఊపాను. ఆవిడ ఇంకో మాట అని చిన్నగా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆవిడ నాతో మాట్లాడింది చైనీస్‌లో.

ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. భుజం మీద ఆవిడ చెయ్యి బిగుసుకుంది. నేను బొమ్మ మీంచి కళ్లు తిప్పి బ్రష్ వైపు చూశాను. అది నా ఎడమ చేతిలో ఉంది. కుడి చెయ్యి తిమ్మిరెక్కి ఒళ్లో పడి ఉంది, ఎవరిదో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు. నేను ఎడమ చేత్తో పువ్వు కూడా అందుకోనివ్వని ఇంట్లో పెరిగినదాన్ని. ఆ చేత్తో నా పేరు కూడా రాయలేను.

"ఆవిడ ఏ చేత్తో వేసేవారు?" అని అడిగాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది.

"అన్నం కుడి చేత్తో. బొమ్మ ఎడమ చేత్తో" అంది టీచర్. "మార్చుకోమని ఎంతో చెప్పాను. వినలేదు."

బ్రష్ సింక్ దగ్గర కడిగాను. నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగి, చాపలో చుట్టి, వరండాలోకి వెళ్లి రెండు చేతులతో ముసలాయన ముందు పట్టుకున్నాను. ఆయన అందుకోలేదు. గాజు తలుపు అవతల ఆ పసుపు వెలుతురు ఆయన ముఖం మీద పడుతోంది.

"ఆమెకి ఇంకా వెయ్యాలని ఉందేమో" అన్నాడు, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ.

"ఉండొచ్చు. కానీ ఈ చెయ్యి నాదండీ" అన్నాను.

ఏ భాషలో అన్నానో నాకు గుర్తులేదు. 'అండీ' అన్నట్టు మాత్రం గుర్తుంది. ఆయన తలమీది టోపీ తీసి, చాప చుట్టని తీసుకుని అందులో పెట్టుకున్నాడు.

పొగ తగ్గాక ఒక పగటిపూట టీచర్‌నీ నన్నూ ఇంటికి పిలిచాడు. అరిగిపోయిన బ్రష్‌ని పారెయ్యకూడదట, మనిషికి చేసినట్టు మట్టిలో పెట్టాలట, ఆ ఆచారం టీచర్ దారిలో చెప్పింది. వెనక పెరట్లో, నారింజ రంగు పళ్లు కాసే పెర్సిమన్ చెట్టు కింద ఆయన ముందే గుంట తవ్వి ఉంచాడు. చాపతో సహా పెట్టి, మట్టి తోసి, ఫ్లాస్కులోంచి టీ పోశాడు. ఏడవలేదు. టీచర్ ఏడ్చింది.

తర్వాత లోపల కూర్చోబెట్టాడు. హాల్లో నాలుగు గోడల మీదా ఆర్కిడ్ బొమ్మలే. అన్నింటి మూలలోనూ అదే పేరు. నేను ఇచ్చినవి కూడా ఫ్రేములు కట్టించి పెట్టాడు. ఆకు విరుపు చూసి నావి పట్టుకోవచ్చనుకున్నాను. విరిగిన ఆకులు చాలా బొమ్మల్లో ఉన్నాయి. గోడ వెంబడి నడిచాను, మళ్లీ వెనక్కి నడిచాను. నేను గీసినవి ఏవో నాకు తెలియలేదు.

"వీటిలో నావి ఏవి?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని నా పక్కన నిలబడి ఓపికగా అన్నీ చూశాడు.

"అన్నీ ఆమెవే" అన్నాడు.

ఆ మాటలో కపటం లేదు. నేను సోఫాలో కూర్చుని టీ తాగాను. చేతులు రెండూ కప్పు చుట్టూ గట్టిగా పెట్టుకున్నాను.

ఆ చలికాలం ఆయన సియాటిల్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. నేను క్లాసు మానలేదు. నా కుర్చీ మార్చుకున్నాను. నా బ్రష్‌తో గీస్తున్నాను. ఇప్పుడిప్పుడే ఉల్లికాడలు కాస్త గడ్డిలా కనబడుతున్నాయని నర్సు ఆవిడ అంటుంది. టీచర్ మెచ్చుకోదు, కోప్పడుతుంది. అది నాకు బాగానే ఉంది.

పొగ రోజున వేసిన బొమ్మ మీద మాత్రం ఆయన తన భార్య పేరు రాయలేదు. అది నా దగ్గరే ఉండిపోయింది. చింపడానికి మనసు రాలేదు. గ్యారేజ్‌లో పెడితే చెమ్మకి పాడవుతుందని చివరికి మావారే ఫ్రేము తెచ్చి హాల్లో తగిలించారు. మొన్న డిన్నర్‌కి వచ్చిన ఫ్రెండ్ ఒకామె చేతిలో ప్లేటుతో దాని ముందు నిలబడిపోయింది.

"ఎంత బాగుందో. నువ్వే వేశావా?"

"కాదు. మా క్లాసులో ఒక ఆంటీ వేశారు."

"నాకూ నేర్చుకోవాలని ఉంది. ఆవిడ నేర్పుతారేమో అడగవా?"

"ఈ మధ్య రావట్లేదు" అన్నాను. పప్పు చల్లారిపోతోంది, కూర్చోమని కుర్చీ జరిపాను.